నిమ్మగడ్డి నూనెకు ఫినాల్ పరీక్ష దేనికి?

ప్రశ్న: రెండెకరాల్లో నిమ్మగడ్డి వేశాను. పోయిన కోతలో తీసిన నూనె ప్లాస్టిక్ క్యానులో సగం మిగిలింది. అది చిక్కబడి రంగు ముదిరింది. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో చూపిస్తే ఫినాల్స్ తక్కువ అని రాసిచ్చారు. పైరుకు బలం లేదు, ఫినాల్స్ పెరిగే టానిక్ కొట్టమని డీలర్ అంటున్నాడు. మోతాదు ఎంత?
– ఒక రైతు, వికారాబాద్ జిల్లా

జవాబు: ఆ టానిక్ కొట్టకండి. మీరు రాసినదాన్ని బట్టి లోపం పైరులో లేదు, క్యానులో ఉంది. వెలుతురు, గాలి తగిలితే నూనెకు నిమ్మ వాసన ఇచ్చే సిట్రాల్ పాడై నూనె చిక్కబడుతుంది.

నిమ్మగడ్డి నూనెకు ధర పలికేది సిట్రాల్‌ను బట్టే. మంచి నూనెలో అది 75–80 శాతం ఉంటుంది. ఆల్డిహైడ్లు, ఫినాల్స్ వేర్వేరు రకాల రసాయనాలు. సిట్రాల్ ఆల్డిహైడ్ రకానిది, ఫినాల్ కాదు. మరి ఫినాల్స్ తక్కువ రాక ఏమవుతాయి? రిపోర్టులో 765 నానోమీటర్లు, గాలిక్ యాసిడ్ అని ఉందేమో చూడండి. ఉంటే అది మొత్తం ఫినాల్స్ ఎన్నో కొలిచే ఫోలిన్ పరీక్ష. ఫోలిన్ ద్రావణం, సోడియం కార్బొనేట్ కలిపితే ఫినాల్స్ ఉన్నకొద్దీ నీలం ముదురుతుంది. ఆ నీలం ఎంత కాంతిని పీల్చుకుందో స్పెక్ట్రోఫొటోమీటర్ కొలుస్తుంది. ఆకుల సారానికి పనికొచ్చే పద్ధతే గానీ, విటమిన్ సి ఉన్నా నీలం వస్తుంది. నూనెతో ఇంకో తంటా: నీళ్లలో కలవక ద్రావణం మసకబారితే, ఆ మసకకే అంకె పెరిగిపోతుంది. వాము, లవంగ నూనెలైతే వేరే మాట, వాటిలోని థైమాల్, యూజినాల్ ఫినాల్సే.

మీకు కావాల్సింది నూనెలోని భాగాలను విడదీసి ఏది ఎంత శాతమో చెప్పే గ్యాస్ క్రొమటోగ్రఫీ, అంటే జీసీ పరీక్ష. వచ్చే కోతలో నూనె తీయగానే నీటిని వేరుచేసి, మిగిలిన తేమను పీల్చుకునే అన్‌హైడ్రస్ (నీరు లేని) సోడియం సల్ఫేట్ లీటరుకు 20 గ్రాములు కలపండి. రాత్రంతా ఉంచి పొద్దున వడగట్టండి. 10 మి.లీ. ముదురు గోధుమ రంగు గాజు సీసాలో మెడదాకా నింపి, బిగుతుగా మూత పెట్టి, కోత తేదీ, నూనె తీసిన తేదీ రాసి అంటించండి. క్యానులో మిగిలిన నూనెనూ విడిగా ఇంకో సీసాలో ఇవ్వండి. రెండింటి సిట్రాల్ శాతం పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. పరీక్ష ఎక్కడ చేయించాలో హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉన్న సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రంలో అడగండి. మిగతా నూనెను నిండుగా ఉండే చిన్న సీసాల్లోకి మార్చి నీడన పెట్టండి.

చేను చూడకుండా, భూసార పరీక్ష ఊసెత్తకుండా, సంబంధం లేని రిపోర్టులో ఒక్క మాట పట్టుకుని సీసా చేతిలో పెట్టే డీలర్ల మాట దయచేసి వినకండి. ఇలా అనవసరంగా కొట్టే మందులకే రైతు డబ్బు ఆవిరైపోతోంది. భూసార పరీక్ష చేయించి చాలాకాలమైతే ముందు అది చేయించండి. అందులో లోపం కనబడితే ఏం వేయాలో అప్పుడు చెబుతాను.