స్లో కుక్కర్‌లో రాజ్మా సూప్... వాంతులకు కారణం హామేనా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. నా వయసు 56. అమెరికా నుంచి వచ్చిన మా అమ్మాయి స్లో కుక్కర్ (తక్కువ వేడి మీద గంటల తరబడి వండే కరెంటు కుక్కర్) కొనిచ్చి, అందులో బీన్స్, హామ్ (నిల్వ చేసిన పంది మాంసం) సూప్ చేయడం నేర్పి వెళ్లింది. ఆదివారం ఎర్ర రాజ్మా మూడు గంటలు నానబెట్టి, హామ్ ముక్కలు, క్యారెట్, ఉల్లిపాయలతో కలిపి ‘లో’ (తక్కువ వేడి) సెట్టింగ్‌లో ఆరు గంటలు ఉంచాను. తిన్న రెండు గంటలకే నాకు, మావారికి, మా అత్తగారికి వాంతులు, విరేచనాలు. రాత్రికి తగ్గాయి. మనవడు హామ్ ముక్కలు ఏరుకుని తిన్నాడు, వాడికి ఏమీ కాలేదు. ప్యాకెట్ హామ్ పాడైందేమోనని నా అనుమానం. మావారు బీపీకి టెల్మిసార్టాన్ వాడతారు. ఈ సూప్ మళ్లీ చేయొచ్చా? మిగిలింది ఫ్రిజ్‌లో ఉంది.

డాక్టర్ సలహా: అసలు సంగతి మీ మనవడి దగ్గరే దొరికింది. హామ్ పాడైతే ముందుగా పడకేసేది వాడే. గింజలు తిన్న ముగ్గురికే వాంతులయ్యాయంటే నా అనుమానం రాజ్మా మీదే. ఆ రోజు గింజ కొరికితే మధ్యలో కాస్త పలుకు తగిలిందా? గుర్తు తెచ్చుకోండి.

ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. పేరు నోరు తిరక్కపోయినా పర్లేదు, అది పచ్చిగా కడుపులోకి వెళ్తే ఏం చేస్తుందో మీరు చూశారు. నాలుగైదు పచ్చి గింజలు చాలు. గంట నుంచి మూడు గంటల్లో వికారం, ఆగని వాంతులు, తర్వాత విరేచనాలు. మొదలైన మూడు నాలుగు గంటల్లో చాలామందికి వాటంతటవే సర్దుకుంటాయి. మీ ఇంట్లో జరిగింది దాదాపు ఇదే.

ఇన్నేళ్లుగా రాజ్మా కూర తింటున్నాం, ఎప్పుడూ లేనిది ఇప్పుడేమిటి అంటారేమో. ఇన్నాళ్లూ మిమ్మల్ని కాపాడింది ప్రెషర్ కుక్కర్. లోపల వేడి 100 డిగ్రీలు దాటుతుంది, ఆ ప్రొటీన్ నాశనమవుతుంది. స్లో కుక్కర్ పని వేరు. మాంసం మెత్తబడటానికి అది బాగుంటుంది కానీ, ‘లో’లో పెడితే సూప్ గంటల తరబడి గోరువెచ్చగానే ఉండి నిదానంగా వేడెక్కుతుంది, కొన్నిట్లో తెర్లే స్థాయికి చేరనే చేరదు. 80 డిగ్రీల దగ్గర ఉడికీ ఉడకని రాజ్మా పచ్చి గింజల కన్నా ఐదు రెట్ల వరకు ప్రమాదకరం కావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. మధ్యమధ్యలో ‘ఉడికిందా’ అని మూత తీసి చూస్తే వేడి ఇంకా పడిపోతుంది. ఆ అలవాటు మనందరికీ ఉన్నదే!

సూప్ మానేయక్కర్లేదు. మన చింతపల్లి, పాడేరు కొండల్లో పండే రాజ్మాతోనే చేసుకోండి. శనివారం రాత్రి నానబెట్టండి, కనీసం ఐదు గంటలు నానాలి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లనివ్వండి. లేదా మామూలు కుక్కర్‌లో ఐదారు విజిల్స్ రానివ్వండి. వేళ్ల మధ్య నొక్కితే గింజ వెన్నలా నలగాలి. ఆ తర్వాతే స్లో కుక్కర్‌లోకి. టమాటా వేసేటట్టయితే అది కూడా గింజ ఉడికాకే, పులుపు తగిలితే రాజ్మా మెత్తబడదు. డబ్బాలో వచ్చే బీన్స్ ముందే ఉడికించినవి కాబట్టి ఈ బాధ లేదు.

ఇక మీవారి సంగతి. హామ్‌ను ఉప్పులో ఊరబెట్టి నిల్వ చేస్తారు. 100 గ్రాముల్లో రెండున్నర, మూడు గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పిన పరిమితి 5 గ్రాముల లోపు. ఆవకాయ, అప్పడం కలిపి లెక్కేయండి మరి. సూప్‌లో విడిగా ఉప్పు వేయొద్దు. హామ్ ముక్కల్ని ఒకసారి నీళ్లలో మరిగించి, ఆ నీళ్లు పారబోసి, చివరి అరగంటలో కలపండి. ఆయన గిన్నెలో రెండు ముక్కలు చాలు. అదీ ఎప్పుడో ఒకసారి. నిల్వ మాంసం రోజూ తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లోనే తేల్చింది. ‘లో సోడియం సాల్ట్’ వాడదామనుకుంటే ముందు మీ డాక్టరును అడగండి. అందులో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టాన్‌తో కలిస్తే రక్తంలో అది పెరిగిపోవచ్చు.

మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి గుక్కెడు గుక్కెడుగా తాగండి. మీ అత్తగారి విషయంలో మాత్రం ఇంట్లో కూర్చుని చూడొద్దు. ఆమె నీళ్లు కూడా నిలుపుకోలేకపోయినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, మత్తుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. విరేచనంలో రక్తం పడినా, జ్వరం వచ్చినా ఎవరికైనా అంతే. వాంతులవుతున్న రోజు మీవారు బీపీ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కోండి.

ఫ్రిజ్‌లో ఉన్న సూప్ వేడి చేసుకుని తినొద్దు. హామ్ ఖరీదైనదే, తెలుసు. అయినా పారబోసేయండి.