మూడు షాపుల లెక్కలు క్లౌడ్‌లో పెట్టబోతున్న మేనల్లుడికి

నాయనా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మూడు మందుల షాపుల బిల్లులు, స్టాకు అన్నీ ఒకేచోట కనిపించేలా క్లౌడ్‌లోకి, అంటే నెట్ ద్వారా వేరే కంపెనీ కంప్యూటర్లలోకి, మారుస్తున్నావట. ఏ మందు ఎప్పుడు ఎంత తెప్పించాలో కంప్యూటరే లెక్క కట్టి చెబుతుందట. విని చాలా సంతోషపడ్డాను. మీ నాన్న ఉండుంటే మొదటి బిల్లు తనే కొట్టేవాడు. కానీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది, ఇక నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

కౌంటర్‌లో ఉండే ప్రతి మనిషికీ వేరే లాగిన్ ఇవ్వు. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి కంప్యూటర్‌కు అంటించొద్దు. నెట్ పోయినా బిల్లు కొట్టే వీలుండాలి, గల్లా పెట్టెలో ఒక బిల్లు పుస్తకం కూడా ఉంచుకో. ఇవి నీకు తెలియనివి కావు.

తెలియంది ఒకటి చెప్పాలి. 2009లో నీకు తొమ్మిదేళ్ళు. కర్నూలు పాతబస్తీలో మన హోల్‌సేల్ షాపు లెక్కలన్నీ నేనే చూసేదాన్ని. కంప్యూటర్ వచ్చాక పాత ఖాతా పుస్తకాలు చెదలు పట్టిస్తున్నాయని నేనే అమ్మించేశాను. రోజూ రాత్రి షాపు మూసేముందు ఒక చిన్న హార్డ్‌డిస్క్‌లోకి బ్యాకప్, అంటే లెక్కలన్నిటికీ ఇంకో కాపీ, తీసేదాన్ని. "దాన్ని ఇంటికి తీసుకుపో అక్కా" అని మీ నాన్న వంద సార్లు చెప్పాడు. హ్యాండ్‌బ్యాగ్‌లో పెడితే ఆటోలో పోతుందేమోనని నా భయం. కంప్యూటర్ టేబుల్ పక్కనే ఇనప బీరువా ఉంది కదా, అందులో పెట్టి తాళం వేసేదాన్ని. తాళం వేస్తే భద్రం అనుకున్నాను.

అక్టోబర్ 1న సరుకు కోసం మీ నాన్న హైదరాబాద్‌లో ఉన్నాడు. రాత్రి ఫోన్ చేశాడు. "హంద్రీ పొంగుతోందంటున్నారు, బ్యాకప్ ఇంటికి తెచ్చావా?" అని అడిగాడు. తేలేదంటే కసురుకుంటాడని "తెచ్చాను" అనేశాను. తెల్లారితే గాంధీ జయంతి, ఎలాగూ సెలవు, ఎల్లుండి తెచ్చుకుందాంలే అనుకున్నాను. తెల్లారేసరికి తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చేశాయి. మనమంతా పక్కింటి మిద్దె మీదికి ఎక్కాం. నిన్ను నా చీర కొంగుతో నా నడుముకు కట్టుకుని కూర్చున్నాను, గుర్తుందా? ఆ రోజంతా నువ్వు బిస్కెట్ అడుగుతూనే ఉన్నావు.

నీళ్ళు తీశాక షాపు తలుపు తెరిచాం. మోకాలి లోతు బురద. మందుల అట్టపెట్టెలన్నీ ముద్దలైపోయాయి. బీరువా తాళం తీస్తే అందులోంచి కూడా బురద నీళ్ళే వచ్చాయి. హార్డ్‌డిస్క్‌ను హైదరాబాద్ పంపితే, లోపలంతా ఒండ్రు, ఏమీ రాదన్నారు. సరుకు పోయిన బాధ ఒకటైతే, పల్లెల్లో షాపుల వాళ్ళు మనకు ఇవ్వాల్సిన దాదాపు తొమ్మిది లక్షల బాకీకి ఒక్క కాగితమైనా మిగల్లేదు. ఊరూరూ తిరిగి "మాకెంత ఇవ్వాలి?" అని మేమే అడిగాం. నందికొట్కూరు వైపు ఒక పెద్దాయన తన పుస్తకం తెరిచి, పద్దు చూపించి, పైసాతో సహా ఇచ్చాడు. చాలామంది "ఎప్పుడో కట్టేశాం కదమ్మా" అన్నారు. కాదనడానికి నా చేతిలో ఏముంది?

మన ఇల్లూ మునిగింది కాబట్టి, ఇంట్లో ఉన్న బ్యాకప్ కూడా పోయిందనుకున్నాడు మీ నాన్న. "నువ్వేం చేస్తావులే అక్కా" అని ఓదార్చాడు. అది ఇంటికే రాలేదని వాడికి చివరిదాకా చెప్పలేకపోయాను. ఇవాళ నీకు చెబుతున్నాను.

ఇన్నేళ్ళుగా ఆలోచిస్తే అర్థమైంది ఏమిటంటే, నేను ఆ రాత్రి దాన్ని ఇంటికి తెచ్చినా అది మునిగేదే. షాపుకూ ఇంటికీ మధ్య అర కిలోమీటరు. ఒకే నీళ్ళు రెండింటినీ ముంచాయి. నెలకో కాపీ అనంతపురంలో మా చిన్నాన్న ఇంటికి పంపి ఉంటే లెక్కలు బతికేవి.

అందుకే క్లౌడ్‌లో పెట్టాం, ఇక భయం లేదు అనే మాట నా దగ్గర అనొద్దు. పేరు మేఘమే కానీ అది కూడా ఏదో ఊళ్ళో నేల మీద, గోడల మధ్య ఉన్న మిషన్లే. అమెజాన్ 2016లో ముంబైలో, 2022లో హైదరాబాద్‌లో అలాంటివి తెరిచింది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటర్ తగలబడి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్నవాళ్ళు రెండూ పోగొట్టుకున్నారు. ఆ వార్త చదివిన రోజు మన బీరువాయే కళ్ళ ముందు కనిపించింది. నీ సాఫ్ట్‌వేర్ వాళ్ళను అడుగు, నా లెక్కలు ఏ ఊళ్ళో ఉన్నాయి, రెండో కాపీ ఏ ఊళ్ళో ఉంది అని. రెండూ ఒకే ఊరైతే ఒప్పుకోవద్దు. ఇంకో సంగతి. ఇక్కడ మార్చగానే అక్కడా మారిపోయే కాపీని బ్యాకప్ అనుకోకు. కుర్రాడు పొరపాటున చెరిపేస్తే రెండు చోట్లా చెరిగిపోతుంది. నిన్నటిది, పోయిన వారానిది విడిగా ఉండాలి. రేపు వాళ్ళతో పడక మానుకుంటే నీ లెక్కలన్నీ నీ చేతికి ఎలా ఇస్తారో కూడా ఇప్పుడే రాయించుకో.

కంప్యూటర్ ముందే లెక్క కట్టి చెప్పడం మంచిదే. తొలకరి పడగానే జ్వరం మందులు, ఎండలు ముదరకముందే ఓఆర్ఎస్ తెప్పించాలని నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని. అది మూడు షాపుల బిల్లులన్నీ చూసి నాకంటే బాగా చెబుతుంది. కానీ 2020, 2021 లెక్కలు దానికి ఇచ్చేటప్పుడు జాగ్రత్త. కోవిడ్ నెలల్లో అమ్మిన మాస్కులు, విటమిన్ మాత్రలు చూసి ఏటా అలాగే పోతాయనుకుంటుంది. అవి మామూలు సంవత్సరాలు కావని నువ్వే చెప్పాలి.

ఇప్పుడు కాస్త కోప్పడతాను. మందులు అయిపోయే రోజు చూసి కస్టమర్ల ఫోన్‌కు మెసేజ్ పంపుతావట. బీపీ మాత్రలకైతే సరే. మన వీధుల్లో ఒక్క ఫోన్ ఇంటిల్లిపాదీ చూస్తారని మర్చిపోయావా? కోడలు తెచ్చుకున్న గర్భనిరోధక మాత్ర పేరు మామగారి ఫోన్‌లో మోగితే ఆ పిల్ల గతేంటి? మానసిక వైద్యానికో టీబీకో మందులు వాడే కుర్రాడి సంగతి ఇంట్లో తెలిస్తే? మందుల చీటీ మడిచి మన చేతిలో పెట్టేటప్పుడు ఆ మనిషి చూసే చూపు నువ్వూ చూశావు. వాళ్ళను అడిగి, సరేనంటేనే పంపు. పంపినా మందు పేరు రాయొద్దు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా ఒప్పుకోలు కావాలంటోంది, తప్పు చేస్తే జరిమానా 250 కోట్ల దాకా ఉంటుంది. అయినా నేను జరిమానా గురించి చెప్పట్లేదు, అది నీకు తెలుసు.

కోప్పడ్డానని మనసులో పెట్టుకోకు. ఊళ్ళో మొదటగా కంప్యూటర్ పెట్టిన మందుల షాపుల్లో మనదీ ఒకటి. ఇప్పుడు నువ్వు మా ఇద్దరికీ రాని పని చేస్తున్నావు.

ఈ ఆదివారం ఏమీ లేని ఖాళీ లాప్‌టాప్ ఒకటి తెచ్చుకుని మా ఇంటికి రా. నీ రెండో కాపీని అందులోకి ఎక్కించు. పోయిన నెలలో ఒక బిల్లు తీయమంటాను, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీతో సహా కనిపించాలి. ఉగ్గాని, బజ్జీ చేసి పెడతాను. మీ అమ్మను కూడా తీసుకురా.

నీ అత్త