డాక్టర్ సలహా: మెడ నొప్పి సరే, ముందు ఆ వేలి సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 52. తిరుపతిలో ఉంటాం. అకౌంట్స్ పని, రోజంతా టెన్షన్. మనసు తేలికపడుతుందని సాయంత్రాలు మిద్దె మీద మా అబ్బాయి దగ్గర గాలిపటం ఎగరేయడం నేర్చుకుంటున్నా. మెడ పట్టేస్తోంది, నొప్పి బిళ్లలు వేసుకుంటున్నా. పది రోజుల కిందట మాంజా చూపుడువేలికి కోసుకుంటే పసుపు పెట్టి, మెడికల్ షాపులో యాంటీబయాటిక్ తెచ్చి మూడు రోజులు వాడా. ఇంకా కాస్త వాపు ఉంది. ఎనిమిదేళ్లుగా షుగర్. మెడకు ఏ వ్యాయామాలు మంచివి?

సమాధానం: మీరు మెడ గురించి అడిగారు, నా భయం వేలి గురించి. షుగర్ ఉన్న మనిషికి పది రోజులైనా వాపు తగ్గలేదంటే ‘కాస్త’ అని వదిలేయకూడదు. మాంజాకు గాజుపొడి పూసి ఉంటుంది. గాటు సన్నగా కనిపించినా లోతుగా దిగుతుంది, పైన చర్మం అతుక్కుని లోపల చీము పట్టొచ్చు. వేలి చివరి కణుపు విడిగా వంగుతోందా? కొసన స్పర్శ తెలుస్తోందా? ఈ రెండింటిలో ఏది తేడాగా ఉన్నా నరమో, వేలిని వంచే స్నాయువో తెగి ఉండొచ్చు. వేలు చాపితే ప్రాణం పోయేంత నొప్పి, వేలంతా ఉబ్బడం, జ్వరం ఉంటే ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి. అవేమీ లేకపోయినా ఒకటి రెండు రోజుల్లో రుయా ప్రభుత్వాసుపత్రిలోనో, దగ్గర్లోని సర్జన్‌కో చూపించండి. ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నట్టు మీరు రాయలేదు. ఆలస్యమైంది కదా అని మానేయకండి, అడగండి. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించండి.

ఇక ఆ మాత్రలు. ఏ మందో రాయలేదు, ఎవరు రాసిచ్చారో లేదు. మా ఓపీకి రోజూ ఇలాంటివాళ్లు వస్తారు: షాపతను ఇచ్చాడు, తగ్గినట్టనిపించింది, ఆపేశాం. ఆ కాస్త తగ్గడమే మిమ్మల్ని పది రోజులు ఇంట్లో కూర్చోబెట్టింది. షాపతనికి మీ షుగర్ ఎంతో, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియదు కదండీ! నొప్పి బిళ్లలూ అంతే. డైక్లోఫెనాక్ లాంటివి షుగర్ ఉన్నవాళ్లు సొంతంగా వాడుతూ పోతే కిడ్నీలకు చేటు. ప్రస్తుతానికి ఆపేసి, ఖాళీ స్ట్రిప్పులైనా సరే డాక్టర్‌కు చూపించండి. చేయి చూడకుండా మందు పేరు నేను రాయను.

మెడకు వ్యాయామాల కంటే ముందు భంగిమ మార్చాలి. తల వెనక్కి వాల్చి అరగంట నడినెత్తిన చూస్తే ఎవరికైనా పట్టేస్తుంది. దారం ఎక్కువ వదిలి గాలిపటాన్ని దూరంగా, కిందికి ఉంచండి, లేదా వాలు కుర్చీలో కూర్చోండి. చేయి తిమ్మిరెక్కినా, పైకి చూస్తే కళ్లు తిరిగినా మాత్రం మానేసి చూపించుకోండి.

గాలిపటం మానమని నేననను. ఆఫీసు నుంచి వచ్చి ఫోన్ చూసేకంటే నయమే. పిట్టగోడ లేని మిద్దె, కరెంటు తీగలు ఉన్న చోటు మాత్రం వద్దు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, గాజుపొడి లేని నూలు దారమే కొనండి. పుండు మానేదాకా ఆ దారం కూడా అబ్బాయి చేతిలోనే ఉండనివ్వండి.