కోటోపాక్సి: లావా కంటే దాని నెత్తిన ఉన్న మంచుతోనే భయం

ఈక్వెడార్‌లోని కోటోపాక్సి అగ్నిపర్వతం ఇప్పటికీ చురుకుగా ఉందా, గతంలో ఎప్పుడెప్పుడు పేలింది, దాని లావా వల్ల చుట్టుపక్కల ఊళ్లకు ఎంత ప్రమాదం అని మీరు అడిగారు. చురుకుగానే ఉంది. 2022 అక్టోబరులో మళ్లీ మొదలైన బూడిద, ఆవిరి 2023లో కూడా కొన్ని నెలలు వెలువడుతూనే ఉన్నాయి. అయితే మీ ప్రశ్నలోని లావా సంగతిని కొంచెం సవరించాలి. ఆ కొండ చరిత్రలో ఎక్కువ ప్రాణాలు తీసింది పైనున్న మంచు కరిగి నదుల వెంట దిగివచ్చిన బురద. విశాఖపట్నంలో భూగర్భశాస్త్రం చదువుకున్న నేను, మావారి ఉద్యోగం వల్ల 2014 చివరి నుంచి దాదాపు రెండేళ్లు ఆ కొండకు ఉత్తరాన, చీయోస్ లోయలోని సాంగోల్కీ పట్టణంలో ఉన్నాను. పరీక్షల కోసం చదివి మరిచిపోయిన ‘లాహార్’ (అలా కొండ మీంచి దిగివచ్చే బురద ప్రవాహం) అనే మాట మా ఇంటి వెనక పారే ఏటికి సంబంధించినదని అక్కడికి వెళ్లాకే తెలిసింది కాబట్టి, నేను చదివినదాన్నీ చూసినదాన్నీ కలిపి చెబుతాను.

పసిఫిక్ సముద్రం అడుగున ఉన్న నాజ్కా పలక (భూమి పైపొరలోని ఒక భారీ రాతి భాగం) ఏడాదికి సుమారు 6 సెంటీమీటర్ల చొప్పున దక్షిణ అమెరికా కిందికి దూరిపోతోంది. లోతుకు పోయేకొద్దీ ఒత్తిడికీ వేడికీ ఆ పలకలోని ఖనిజాల్లో ఇమిడి ఉన్న నీరు బయటపడి పైనున్న, భూపటలం కింది రాతి పొర అయిన మాంటిల్‌లోకి చేరుతుంది. నీరు చేరిన శిల తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి అక్కడ మాగ్మా (కరిగిన శిల) పుట్టి, మందమైన భూపటలం గుండా మెల్లగా పైకి వస్తుంది. క్విటో నగరానికి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, 5,897 మీటర్ల ఎత్తున నిలిచిన కోటోపాక్సి అలా పైకి వచ్చిన మాగ్మాతో కట్టుకున్న కొండే. లావా, బూడిద, నురుగురాయి, బురద పొరలు ఒకదానిమీద ఒకటి పేరుకొని పెరిగిన శంకువు కాబట్టి దాన్ని స్ట్రాటోవోల్కానో అంటారు. దాదాపు భూమధ్యరేఖ మీదే ఉన్నా ఆ ఎత్తు వల్ల శిఖరం చుట్టూ ఏడాది పొడవునా హిమానీనదాలు ఉంటాయి. ప్రమాదమంతా ఆ మంచూ, దాని కిందనున్న నిప్పూ ఒకే చోట ఉండటంలోనే ఉంది.

దూరం నుంచి అంత తీరుగా కనిపించే ఆ శంకువు వయసులో చిన్నది. అదే చోట సుమారు ఐదు లక్షల ఏళ్ల కిందటి పాత అగ్నిపర్వతం ఒకటి ఉండేది. తర్వాత చాలాకాలం నిద్రపోయి, సుమారు 13,000 ఏళ్ల కిందట మళ్లీ లేచిన కోటోపాక్సి, మొదటి దశలో ఎక్కువగా రయొలైట్‌ను వెదజల్లింది. రయొలైట్ మాగ్మాలో సిలికా 70 శాతానికి పైగా ఉంటుంది. అది చిక్కటి పాకంలా కదలనంత జిగటగా ఉండి వాయువుల్ని లోపలే పట్టి ఉంచుతుంది కాబట్టి పేలినప్పుడు చాలా తీవ్రంగా పేలుతుంది. సుమారు 4,500 ఏళ్ల కిందట ఈ దశ ఒక మహా విస్ఫోటనంతో ముగిసింది. కొండ ఈశాన్య పార్శ్వం కూలింది, వేడి బూడిద ప్రవాహాలు మంచు మీదుగా దూసుకుపోయాయి, ఆ నీటితో చీయోస్ లోయ లాహార్ అని పిలిచే బురద ప్రవాహం పుట్టింది. ఉత్తర ఆండీస్‌లో గత పదివేల ఏళ్లలో ఇంతకంటే పెద్దది ఇప్పటివరకు గుర్తించలేదు. దాని పరిమాణం సుమారు 3.8 ఘన కిలోమీటర్లు. ఒకవైపు 326 కిలోమీటర్లు ప్రవహించి పసిఫిక్ తీరం చేరింది, మరోవైపు తూర్పున అమెజాన్ పరీవాహకంలోకి 130 కిలోమీటర్లకు పైగా వెళ్లింది. మేమున్న లోయలో, అంటే కొండకు 40 కిలోమీటర్ల దిగువన కూడా, ఆ బురద లోతు 80 నుంచి 160 మీటర్లు.

ఆ అంకెలు కాగితం మీద చదివినప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. ఒకరోజు సాంగోల్కీ బయట రోడ్డు వేయడానికి కోసిన గట్టు దగ్గర ఆగి చూశాను. మామూలు నది ఒండ్రు అయితే ఇసుక ఒక పొర, గులకరాళ్లు ఒక పొరగా వరసలు తీరి ఉంటుంది. అక్కడ మనిషి ఎత్తు దాటిన గట్టులో ఎక్కడా వరస లేదు. బూడిదరంగు గట్టి మట్టిలో పిడికెడు రాయి, బిందెడు రాయి, వేలికొసంత నురుగురాయి ఎలా కలిసినవి అలాగే గడ్డకట్టి ఉన్నాయి. గోటితో గీరితే ఊడివచ్చిన నురుగురాయి ముక్క అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. ఇంటికి తెచ్చి గ్లాసు నీళ్లలో వేస్తే తేలింది. కాంక్రీటు మిశ్రమం పోసినట్టు ఒక్క ఊపున వచ్చి ఆగిపోయిన పదార్థం ఎలా ఉంటుందో అక్కడ నా కళ్లతో చూశాను.

ఆ తర్వాతి దశ అంతా ప్రధానంగా యాండెసైట్‌ది. సిలికా తక్కువగా ఉన్న ఈ మాగ్మా రయొలైట్ అంత భయంకరంగా పేలదు గానీ తరచుగా పేలుతుంది. ఇప్పుడు కనిపించే శంకువు పైభాగాన్ని కట్టింది చాలావరకు ఇదే. రాతపూర్వక చరిత్రలో మొదటి పెద్ద విస్ఫోటనం స్పానిష్ సేనలు క్విటో వైపు వస్తున్న 1530ల నాటిది. ఆపైన రెండు వందల ఏళ్లు కొండ దాదాపు నిశ్శబ్దంగా ఉంది. 1742 జూన్‌లో అది మళ్లీ రేగినప్పుడు, భూమి ఆకారం కొలవడానికి వచ్చిన ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు బుగేర్, లా కొందమీన్ ఆ ప్రాంతంలోనే ఉన్నారు. 1744లో, 1768లో ఇంకా పెద్దవి వచ్చాయి. కొండకు నైరుతి దిక్కున ఉన్న లాతాకుంగా పట్టణం పదేపదే దెబ్బతిన్నది. 1742లో తమను కాపాడిందని నమ్మే మెర్సెద్ మాతకు (మేరీమాతను అక్కడ కొలిచే రూపం) కృతజ్ఞతగా ఆ ఊరివారు ఇప్పటికీ ఏటా సెప్టెంబరులో మామా నెగ్రా ఉత్సవం చేస్తారు. నేను చూసిన ఏడాది ఆ ఊరేగింపులో డప్పుల మోత వింటూ తలెత్తితే ఇళ్ల కప్పుల పైన అదే కొండ కనిపించింది.

1850లలో మరో విడత గడిచాక, అందరూ ఉదాహరణగా చెప్పే 1877 జూన్ 26 వచ్చింది. దీని గురించి మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం థియోడర్ వోల్ఫ్ అనే జర్మన్ భూగర్భశాస్త్రవేత్త. ఆయన ఆ తర్వాత కొండ చుట్టూ తిరిగి, చూసినవారి మాటలు రాసుకొని, బురద ఆనవాళ్లు పరిశీలించాడు. ఆ ఉదయం పది గంటల ప్రాంతంలో బిలం అంచుల మీదుగా నల్లటి పదార్థం నురగలు కక్కుతూ అన్ని వైపులా ఒకేసారి పొర్లిందని చెప్పారు. మూతపెట్టిన అన్నం ఎసరు పొంగి గిన్నె చుట్టూ దిగజారడాన్ని గుర్తు తెచ్చుకుంటే ఆ దృశ్యం మనకు సులభంగా అర్థమవుతుంది. నిజానికి శాస్త్రవేత్తలు కూడా ఈ రకం విస్ఫోటనాన్ని ‘పొంగి పొర్లడం’ అనే అంటారు. బూడిద ఆకాశంలోకి ఎత్తుగా లేవడం కంటే, బిలం నిండి అంచు దాటిన వేడి రాళ్లు, బూడిద, వాయువుల ప్రవాహం నేరుగా మంచు మీద పడటమే ఇక్కడ కీలకం. దీన్ని పైరోక్లాస్టిక్ ప్రవాహం అంటారు. లావా మంచు మీద మెల్లగా పాకితే ఆవిరి లేచి, అంచుల్లోనే కొంత కరుగుతుంది. పైరోక్లాస్టిక్ ప్రవాహం మాత్రం మంచును కోస్తూ, రాపిడి పెడుతూ, దానిలో కలిసిపోతూ వెళ్తుంది కాబట్టి నిమిషాల్లోనే అపారమైన నీరు పుడుతుంది. ఆ నీరు వాలు మీది బూడిదనూ రాళ్లనూ తనలో కలుపుకుంటూ దిగేకొద్దీ పరిమాణం అనేక రెట్లు పెరుగుతుంది.

1877లో ఆ బురద గంట లోపే మా చీయోస్ లోయకూ, లాతాకుంగా వైపూ చేరింది. ఉత్తరం వైపు ప్రవాహం పీతా నది నుంచి గ్వాయాబాంబా మీదుగా ఎస్మెరాల్దాస్ నదిలో పడి, సుమారు 18 గంటల్లో పసిఫిక్ తీరాన్ని తాకింది. దక్షిణపు నీరు కుతూచి నది ద్వారా, తూర్పు నీరు నాపో ద్వారా అమెజాన్ వైపు పోయాయి. మరణించినవారు దాదాపు వెయ్యి మంది. అప్పటి జనాభా ఎంత తక్కువో తలచుకుంటే అది చాలా పెద్ద సంఖ్య. అప్పటి దారుల్లోనే ఇప్పుడు 3 లక్షలకు పైగా జనం నివసిస్తున్నారు.

మేమూ వాళ్లలోనే ఉన్నామని మాకు తెలియదు. ఇల్లు అద్దెకు ఇప్పించిన మధ్యవర్తి ఏటి గలగలలు వినిపిస్తాయని, తోట బాగుందని చెప్పాడు గానీ ఆ ఏరు దేనికి దారో చెప్పలేదు. పటం మీద లాహార్ హద్దు మా వీధి చివర దాకా వచ్చి మా ఇంటిని కూడా కలుపుకున్నదని పొరుగింటి పెద్దావిడ చూపించాకే తెలిసింది. పైన లా కాల్దేరా అనే చోట పీతా నది మలుపు తిరుగుతుంది. 1877లో బురద అక్కడ గట్టు దాటి సాంతా క్లారా ఏటిలోకి దూకి, సాంగోల్కీ వైపు వచ్చింది. మా ఇంటి వెనకది సాంతా క్లారాయే. ఈ సంగతి చెప్పకుండా ఇల్లు అద్దెకు ఇవ్వడం తప్పని నేను ఇప్పటికీ గట్టిగా అనుకుంటాను.

2015 ఆగస్టు 14 తెల్లవారుజామున నాలుగు దాటగానే కొండ పేలింది. 1940ల తర్వాత అదే మొదటిసారి. అంతకు కొన్ని నెలల ముందు నుంచే లోపల చిన్న భూకంపాలు, సల్ఫర్ డయాక్సైడ్ పెరుగుతున్నాయని జాతీయ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం వారి భూభౌతిక సంస్థ చెబుతూనే ఉంది. మేము నిద్రలో ఉన్నాం, శబ్దం వినలేదు. గాలి పడమటి వైపు వీచడంతో బూడిద మచాచి మీదా, క్విటో దక్షిణ భాగం మీదా పడింది. ఆ వారాంతంలోనే దేశాధ్యక్షుడు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మర్నాడు మచాచిలో తెలిసినవారి ఇంటికి వెళ్తే, పాడి రైతులు గడ్డి కోసి దులిపి దులిపి ఆవులకు వేస్తున్నారు. కారు మీది బూడిదను స్టీలు డబ్బాలోకి ఊడ్చుకొని వచ్చి, పాత భూతద్దం కింద చూశాను. ఆవిరికీ వేడినీటికీ ఉడికి తెల్లబారిన పాత రాతి తునకలే అందులో ఎక్కువ. అంటే తొలి పేలుడు లోపలి నీరు ఆవిరై మూత ఎగరగొట్టినదే. సెప్టెంబరు తర్వాత దొరికిన బూడిద నల్లగా ఉంది, అందులో గాజులా మెరిసే తాజా తునకలు కనిపించాయి. కొత్త మాగ్మా పైదాకా వచ్చిందని శాస్త్రవేత్తలు ప్రకటించినదీ ఇలాంటి మార్పును గమనించే. నవంబరు నాటికి అది చల్లబడింది. లాహార్ విషయానికొస్తే, వానకు తడిసిన బూడిద చిన్న చిన్న బురదలుగా జారడం తప్ప పెద్దది రాలేదు.

ఆ నెలల్లో నాకు గోదావరి తరచుగా గుర్తుకొచ్చేది. మాది కోనసీమ. భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గర ఎగరవేశారంటే, ధవళేశ్వరం దిగువన ఉన్న మేము వడ్ల బస్తాలు అటక మీదికి ఎక్కించి, గొడ్లను గట్టుకు తోలుకుపోవడానికి గంటల కొద్దీ వ్యవధి దొరికేది. సాంగోల్కీలో మొత్తం వ్యవధి గంట లోపే. అందులోనూ రాత్రి, మబ్బు పట్టి శిఖరం కనబడని వేళ విస్ఫోటనం మొదలైందని తేల్చడానికే కొంత సమయం పోతుంది. అందుకే నదీ మార్గాల్లో నేల ప్రకంపనలను పట్టి లాహార్‌ను గుర్తించే పరికరాలు అమర్చారు, సైరన్లు పెట్టారు, ఖాళీ చేసే విన్యాసాలు జరిపించారు. కొలంబియాలో 1985 నవంబరు 13న నెవాదో దెల్ రూయిస్ విషయంలో ప్రమాదాన్ని చూపే పటం ముందే ఉంది, కానీ ఆర్మేరో పట్టణం వారిని సమయానికి కదిలించలేదు. విస్ఫోటనం చిన్నదే, కరిగింది కూడా మంచులో పదో వంతే. అయినా సుమారు 23,000 మంది చనిపోయారు. ఆండీస్ కొండల గురించి అడిగేవారెవరికైనా విస్ఫోటనం పరిమాణం కంటే దానికి దొరికే మంచు, దిగువన ఉన్న లోయ ముఖ్యమని నేను చెప్పేది అందుకే.

వాతావరణం వేడెక్కి ఆ మంచు కరిగిపోతోంది కదా, ప్రమాదం తగ్గలేదా అని కూడా కొందరు అడుగుతారు. 1970లలో 20 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న కోటోపాక్సి మంచు ఈ శతాబ్దపు మొదటి దశాబ్దానికే 12కు చేరువైంది. నీరు తగ్గిన మాట నిజం. కానీ 1877 నాటి లాహార్ వంటిది పుట్టడానికి మంచంతా కరగనక్కర్లేదు, అందులో కొంత భాగం చాలు. లోయలో ఇళ్లు ఎన్ని రెట్లు పెరిగాయో దానితో పోలిస్తే మంచు తగ్గుదల నాకు పెద్ద ఊరట అనిపించదు. ఇక తదుపరి విస్ఫోటనం ఎప్పుడంటే, సగటు చూసి చెప్పడానికి వీల్లేదు. 1744కూ 1768కీ మధ్య 24 ఏళ్లు, 1768కీ 1850లకూ మధ్య ఎనభైకి పైగా, 1877 తర్వాత ఆ స్థాయిది ఇప్పటిదాకా లేదు.

మీరు అక్కడికి ఉద్యోగానికో చదువుకో వెళ్తుంటే, ఇల్లు చూసే ముందు భూభౌతిక సంస్థ ప్రచురించిన ప్రమాద పటంలో ఆ వీధిని వెతకండి. హద్దు లోపలే ఉండాల్సి వస్తే, ఎత్తైన చోటికి కాలినడకన వెళ్లే దారిని మొదటి వారంలోనే నడిచి చూడండి, ఎందుకంటే ఆ సమయానికి రోడ్ల నిండా కార్లు ఉంటాయి. పొరుగింటి పెద్దావిడతో కలిసి మేము నడిచి చూసినప్పుడు, మా గుమ్మం నుంచి గట్టు మీది బడి దాకా ఆవిడ అడుగుల వేగంతో 14 నిమిషాలు పట్టింది.