కొత్త క్యామ్‌షాఫ్టులు, పాత గుర్తులు

ప్రశ్న: చిన్న స్పోర్ట్స్ కారు, ట్విన్ క్యామ్ ఇంజను, అంటే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులు రెండు. పెర్ఫార్మెన్స్ క్యామ్‌షాఫ్టులు వేయిస్తున్నా. పుల్లీల మీది పాత గుర్తులకే టైమింగ్ బెల్టు (క్రాంకు షాఫ్టుతో క్యామ్‌లను తిప్పేది) ఎక్కిస్తే చాలా?
– ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: చాలదండీ. హెడ్డు ఒకసారి స్కిమ్మింగ్ (అడుగును పలచగా చెక్కించడం) చేయించి ఉంటే చాలు, గుర్తులు కలిసినా టైమింగ్ (వాల్వులు తెరుచుకునే వేళ) కొద్దిగా తప్పుతుంది. అడ్జస్టబుల్ పుల్లీలు వేసి, డిగ్రీ వీల్ (క్రాంకు కోణం చూపేది), డయల్ గేజ్ (వాల్వు కదలిక కొలిచేది)లతో చూస్తూ క్యామ్‌తో వచ్చిన కార్డులోని అంకెకు ఫుల్ లిఫ్ట్ (వాల్వు పూర్తిగా తెరుచుకునే చోటు) కుదర్చండి. ప్లగ్గులు తీసి క్రాంకును పానాతో రెండు చుట్లు తిప్పాలి. క్యామ్ అప్పటికి ఒక్క చుట్టే తిరుగుతుంది. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం వద్దు, వాల్వు పిస్టన్‌కు తగులుతున్నట్టే. వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఇన్‌లెట్ వైపు 2, ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. ఖాళీ ఉంటే నిశ్చింత. లిఫ్ట్ పెరిగింది కాబట్టి పాత వాల్వు స్ప్రింగుల చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోవచ్చు, అదీ కొలవండి. ట్యాపెట్ క్లియరెన్సు (క్యామ్‌కూ ట్యాపెట్‌కూ మధ్య సందు) మళ్లీ సరిచేయాల్సిందే. క్యామ్ మరీ ఘాటుదైతే ఓవర్‌ల్యాప్ (ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచి ఉండే సమయం) పెరిగి, క్లాక్ టవర్ ట్రాఫిక్‌లో ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజను తిరుగుడు) నిలవదు. రోడ్డు కారుకు మధ్యరకమే మేలు.