డీగ్‌కి వెళ్తే ముందు నీళ్ళ ట్యాంక్ చూడు

అమ్మలూ, ఆగ్రా, మథుర, భరత్‌పూర్ తిరుగుతామని రాశావు, సంతోషం. భరత్‌పూర్ దాకా వెళ్ళి డీగ్ చూడకుండా మాత్రం రావద్దు, అక్కడి నించి కారులో ఓ గంట అంతే. వారంలో ఏ రోజు సెలవో ముందే కనుక్కో. డీగ్‌లో ఉన్నవి భరత్‌పూర్ జాట్ రాజుల వేసవి మహళ్ళు, చాలావరకు 18వ శతాబ్దంలో ఆ రాజుల్లో ఒకడైన సూరజ్‌మల్ కట్టించినవి. తాజ్ చూసి అటునించి అటే వెనక్కి వెళ్ళిపోతారు జనం, ఇటు వచ్చేవాళ్ళు బాగా తక్కువ, నాకైతే అది చాలా బాధ.

లోపలికి వెళ్ళగానే అందరూ గోపాల్ భవన్‌లోకి దూరతారు, రాజుగారి ఫర్నిచర్ అదీ ఉంటుంది, బావుంటుంది, చూడు. కానీ నా మాట విని ముందు ఆ పెద్ద నీళ్ళ ట్యాంక్ ఎక్కడుందో కాపలా వాళ్ళని అడుగు. తోటలో వందలకొద్దీ ఫౌంటెన్లున్నాయి కదా, వాటన్నిటికీ నీళ్ళు దాన్నించే. గోడ వెంబడి వరసగా కన్నాలు, ఒక్కో కన్నం నించి ఒక్కో ఫౌంటెన్‌కి గొట్టం, చెక్క బిరడా తీస్తే ఆ ఫౌంటెన్ లేస్తుంది. కన్నంలో రంగుపొడి కట్టిన గుడ్డమూట పెడితే రంగునీళ్ళే వస్తాయి. పంపులెక్కడివి ఆ రోజుల్లో, ఎద్దులతో మోట తోలి నింపేవారు, రోజుల తరబడి. అందుకే ఫౌంటెన్లు ఇప్పటికీ పండగలకి మాత్రమే వదుల్తారు, నువ్వెళ్ళే తేదీకి ఏదన్నా ఉందేమో చూసుకో.

అది చూశాక కేశవ్ భవన్‌కి వెళ్ళు, నాలుగువైపులా తెరిచి ఉండే మంటపం, లోపల చుట్టూ కాలువ, అందులో ఫౌంటెన్ మూతులు. వంగి దగ్గర్నించి చూడు. ఎండాకాలంలో వానాకాలం కావాలనిపించింది వాళ్ళకి, అందుకని పైకప్పులో రాతిగుండ్లు పెట్టి నీళ్ళ ఒత్తిడికి దొర్లేలా చేశారట, ఉరుములా వినపడేదట, అంచుల నించి నీళ్ళు వానలా జారేవి. ట్యాంక్ చూడకుండా వెళ్తే అది ఉట్టి ఎండిపోయిన రాతి మంటపంలా ఉంటుంది, రెండు నిమిషాల్లో బయటికొచ్చేస్తావు.

ఎండాకాలం వద్దు, మధ్యాహ్నం రాయి కాలిపోతుంది, చలికాలమే మేలు. ఫొటో మాత్రం గోపాల్ సాగర్ చెరువు అవతలి గట్టు నించి తియ్యి, నీళ్ళలో నీడతో సహా గోపాల్ భవన్, అటూ ఇటూ సావన్, భాదోన్ మంటపాలు అన్నీ పడతాయి.