తొమ్మిదో తరగతి పిల్లోడి జేబులో ఖైనీ దొరికితే ఏం చేయాలి?

ప్రొద్దుటూరు అక్కా, మీవాడి యూనిఫాం ఉతకబోతే జేబులో ఖైనీ (నోట్లో పెట్టుకునే పొగాకు) పొట్లం దొరికిందని, వాళ్ల నాన్నకు తెలిస్తే చావబాదుతాడని భయపడుతున్నారు. నేను మీ కడప జిల్లాలోనే జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. వాళ్ల నాన్నకు చెప్పండి, అయితే చెయ్యి చేసుకోనని మాట తీసుకున్నాకే చెప్పండి. దెబ్బలు తిన్న పిల్లోడు ఖైనీ మానడు, దాచే చోటు మారుస్తాడు.

ముందు ఎవరిచ్చారో మెల్లగా అడగండి. నేను చూసినంతలో క్రికెట్ ఆడేచోట పెద్ద పిల్లలో, సెలవుల్లో పనికి పోయినచోట తోటివాళ్లో "ఒక్కసారి పెట్టుకో" అని మొదలుపెట్టిస్తారు. అంతకుముందే తియ్య వక్కపొడి అలవాటై ఉంటుంది. దాన్ని ఇంట్లో ఎవరూ తప్పనుకోరు, నాకు బాధ అక్కడే. పొగాకు కలవకపోయినా సరే, రోజూ వక్క నమిలితే బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు సరిగా తెరుచుకోకుండా పోవచ్చు.

క్యాన్సర్ బొమ్మలు చూపిస్తే పిల్లలకు అది ముసలివాళ్ల జబ్బులా అనిపిస్తుంది. అందుకే క్లాసులో మూడు వేళ్లు కలిపి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య నిలువుగా పెట్టుకోమంటాను. ఒకడికి రెండే పట్టాయి. బెల్లు కొట్టాక పక్కకు పిలిచి అడిగితే, కారం తగిలితే నోరు మండుతోందని, సంగటి ముద్ద కూడా చిన్నచిన్నగా తుంచుకుని తింటున్నానని చెప్పాడు. వాళ్లమ్మ కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు తీసుకుపోయింది.

ఇక అంగడి సంగతి. 2003 పొగాకు చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లకు ఎక్కడా అమ్మకూడదు, బడికి 100 గజాల లోపల అసలే అమ్మకూడదు. దానికి జరిమానా 200 రూపాయలే కాబట్టి ఎవరూ లెక్కచేయరు. కానీ 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మా బడి ఎదుటి అంగడాయనకు కొందరు తల్లులతో కలిసి పోయి ఇది చదివి వినిపించాను. వేలాడదీసిన పొట్లాల సరాలు ఆ వారమే తీసేశాడు.

మానిన మొదటి రోజుల్లో చిరాకు, తలనొప్పి ఉంటాయి, చదువు మీద మనసు నిలవదు. అప్పుడు తిట్టొద్దు. జేబులో వేయించిన శనక్కాయలు పెట్టి పంపండి. పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 1800-11-2356కు ఫోన్ ఉచితం, వాడితోనే మాట్లాడించండి. ఈరోజే వాడి మూడు వేళ్లు వాడి నోట్లో నిలువుగా పెట్టించి చూడండి. మూడూ పట్టకపోతే ఆలస్యం చేయకుండా పళ్ల డాక్టరుకు చూపించండి.